పాతాళపు సరుకు, పైనున్న స్టాలు
భూతాపశక్తి ప్రదర్శనలలో పాల్గొనదలచినవారికి కొన్ని విషయాలు

టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో పట్టణానికి ఆ పేరు ఒక రైలుమార్గం వల్ల వచ్చింది. సెయింట్ లూయిస్ – శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేను జనం క్లుప్తంగా ఫ్రిస్కో అనేవారు. 1904లో ఆ పేరే ఊరికి స్థిరపడింది. 1990 జనగణన నాటికి ఆరువేల పైచిలుకు జనాభా మాత్రమే గల ఆ ఊరు, 2020 నాటికి రెండు లక్షలు దాటింది. ఈ పెరుగుదలలో తెలుగువారి పాలు స్వల్పమేమీ కాదు. వారిలో అధిక సంఖ్యాకులు కంప్యూటర్ రంగానికి చెందినవారే అయినా, పంపులు, కవాటాలు, కొలత పరికరాలు, భూగర్భ గణనల వంటి వాటితో జీవనం సాగించేవారూ, సొంతంగా చిన్న సంస్థలు నడుపుకొనేవారూ లేకపోలేదు. చమురు కోసం బోరు వేయడంలో టెక్సాస్ వంద సంవత్సరాలకు పైగా సంపాదించిన నైపుణ్యం ఇటీవల భూగర్భపు వేడిమిని వెలికితీసే పనికి మళ్ళుతూ ఉండటంతో, ఇటువంటి సంస్థలకు ఒక కొత్త అంగడి తెరుచుకొన్నది. ఆ అంగడిలో అడుగు పెట్టేందుకు సులువైన ద్వారం ప్రత్యేక వాణిజ్య ప్రదర్శన.

ద్వారం సులువైనదే గాని చౌకైనది కాదు. స్టాలు స్థలానికి చెల్లించే అద్దె మొత్తం ఖర్చులో సుమారు మూడవ వంతేనని ప్రదర్శనల అనుభవజ్ఞులు లెక్క చెబుతారు. ప్రయాణం, బస, రవాణా, అలంకరణ, విద్యుత్ సౌకర్యం మొదలైనవి మిగిలిన రెండు వంతులను మింగివేస్తాయి. నలుగురైదుగురు పనిచేసే సంస్థకు ఇది ఒక ఏడాది మిగులుతో సమానం కావచ్చు. ఆ ధనం వ్యర్థం కాకుండా ఉండేందుకు తెలుసుకోదగిన విషయాలలో సగం వ్యాపారానికి సంబంధించినవైతే, సగం భౌతికశాస్త్రానికి సంబంధించినవి.

ఒకే పేరు, రెండు శాస్త్రాలు

భూతాపశక్తి అన్న ఒక్క మాట క్రింద రెండు వేరువేరు విద్యలు ఇమిడి ఉన్నాయి. మొదటిది నిస్సారమైన లోతులకు సంబంధించినది. నూతిలోని నీరు వేసవిలో చల్లగాను, చలికాలంలో గోరువెచ్చగాను ఉండటం మన పల్లెలలో అందరూ ఎరిగినదే. నిజానికి ఆ నీటి ఉష్ణోగ్రత దాదాపు మారదు. మారేది మన ఒంటికి తగిలే గాలి. ఉత్తర టెక్సాస్‌లో నూరు మీటర్ల లోతున నేల ఏడాది పొడుగునా సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. ఆగస్టు మాసంలో ఫ్రిస్కోలోని ఒక ఇంటి ఏసీ యంత్రం తన వేడిని 40 డిగ్రీల గాలిలోకి నెట్టవలసి వస్తుంది. అదే వేడిని 20 డిగ్రీల నేలలోకి పంపగలిగితే యంత్రానికి శ్రమ తగ్గుతుంది, విద్యుత్తు ఆదా అవుతుంది. నేలలోనికి గొట్టాలు దించి, వాటిలో నీటిని త్రిప్పి ఈ పని చేసే సాధనమే భూతాప హీట్ పంపు. మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ టెక్సాస్‌లోని క్రాఫర్డ్ వద్ద నిర్మించుకొన్న ఇంటికి ఈ ఏర్పాటే ఉన్నది. దీని ప్రచారానికై ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1987లో ఫ్రిస్కోకు ఉత్తరాన, పొరుగు రాష్ట్రమైన ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్‌లో పుట్టింది.

రెండవ విద్య లోతైన బావులది. భూమిలోనికి దిగిన కొలదీ కిలోమీటరుకు సగటున 25 నుండి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. రెండు మూడు కిలోమీటర్లు, అవసరమైతే అంతకు మించి బోరు వేసి, వేడినీటిని పైకి రప్పించి, దానితో నగరాలను వెచ్చబరచడమో, టర్బైన్లు త్రిప్పడమో ఈ విద్య లక్ష్యం. టెక్సాస్‌కు ఇదేమీ కొత్త కాదు. వేకో సమీపంలోని మార్లిన్‌లో 1980ల తొలినాళ్ళలోనే ఒక ఆసుపత్రిని బావి నీటి వేడితో వెచ్చబరచారు. హ్యూస్టన్‌కు దక్షిణాన ప్లెజెంట్ బాయూ వద్ద 1989–90లో ఒక ప్రయోగాత్మక కేంద్రం అధిక పీడనం గల వేడినీటి నుండి విద్యుత్తు ఉత్పత్తి చేసింది. ఫ్రిస్కో నుండి కారులో ముప్పావుగంట దూరంలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయపు భూతాప ప్రయోగశాల, చమురు బావుల అడుగున నమోదైన ఉష్ణోగ్రతలను సేకరించి 2004లో ఉత్తర అమెరికా భూతాప పటాన్ని ప్రకటించింది. 2006 నుండి పలుమార్లు చమురు, భూతాప రంగాల వారిని ఒకచోట చేర్చి సదస్సులు జరిపింది.

హీట్ పంపుల వారికి, లోతు బావుల వారికి మధ్య మాట కలిసే సందర్భాలు తక్కువ. ఒకరి కొనుగోలుదారు ఇల్లు కట్టేవాడు, మరొకరి కొనుగోలుదారు విద్యుత్ సంస్థ. ఒకరి బావి ఖర్చు వేల డాలర్లు, మరొకరిది లక్షల డాలర్లు. ఇద్దరూ ఒకే ప్రదర్శనకు వస్తారు. కావున స్టాలు నొసటన కేవలం ‘భూతాప పరిష్కారాలు’ అని వ్రాసుకొన్న సంస్థ ముందు ఇరువర్గాల వారూ ఆగరు. ఎంత లోతుకు, ఎంత వేడికి, దేనికి పనికివచ్చే వస్తువో పది అడుగుల దూరం నుండి చదవగలిగేట్లు ఉండాలి. ‘200 డిగ్రీల వద్ద పనిచేసే బావి పంపు’ అన్న నాలుగు మాటలు, సూర్యోదయం బొమ్మతో కూడిన నినాదం కంటే ఎక్కువ పని చేస్తాయి.

చూపించరాని వస్తువును చూపించడం

వ్యవసాయ ప్రదర్శనలో ట్రాక్టరును నిలబెట్టవచ్చు, చీరల ప్రదర్శనలో చీరను మడత విప్పి చూపవచ్చు. భూతాపరంగంలో అసలు సరుకు మూడు కిలోమీటర్ల క్రింద ఉన్నది. దాన్ని బల్లపైకి తేవడం ఎవరి తరమూ కాదు. అందువల్ల అనేకులు మెరిసే చిత్రాలనూ, కంప్యూటర్ బొమ్మలనూ ఆశ్రయిస్తారు. సామాన్య ప్రదర్శనలో అవి జనాన్ని ఆకర్షించగలవేమో గాని, ప్రత్యేక ప్రదర్శనకు వచ్చేవారు ఆ బొమ్మలను వందసార్లు చూసినవారే. డ్రిల్లింగ్ ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు, నగర ఉష్ణ సరఫరా సంస్థల అధికారులు, పెట్టుబడిదారులు, బీమా సంస్థలవారు ఇక్కడి సందర్శకులు. వారికి కావలసినవి అంకెలు.

ఆ అంకెలు ప్రధానంగా మూడు. పైకి వచ్చే నీటి ఉష్ణోగ్రత ఎంత? సెకనుకు ఎన్ని లీటర్లు? ఎంతకాలం నిలకడగా వచ్చింది? మొదటి రెండింటి నుండి బావి ఇచ్చే ఉష్ణశక్తిని ఎవరైనా లెక్కగట్టవచ్చు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 4.2 కిలోజౌళ్ళ వేడి విడుదల అవుతుంది. హ్యూస్టన్‌కు చెందిన ఫెర్వో సంస్థ 2023లో నెవాడా రాష్ట్రంలో జరిపిన ముప్పై దినాల పరీక్ష ఇందుకు మంచి ఉదాహరణ. చమురు రంగపు సమాంతర డ్రిల్లింగ్ పద్ధతిని వేడి శిలలలో ప్రయోగించిన ఆ బావులలో సెకనుకు 63 లీటర్ల ప్రవాహం, 3.5 మెగావాట్ల విద్యుత్తుకు సరిపడే సామర్థ్యం లభించాయని ఆ సంస్థ ప్రకటించింది. ఆ నీరు నూరు డిగ్రీల మేరకు చల్లబడిందని అనుకొంటే 63ను 4.2తోను, మళ్ళీ నూరుతోను హెచ్చవేయగా సుమారు 26 వేల కిలోవాట్లు, అనగా 26 మెగావాట్ల ఉష్ణశక్తి వస్తుంది. దానిలో 3.5 మెగావాట్లు అంటే 13 శాతం. ఈ తరగతి ఉష్ణోగ్రతలకు అది నమ్మదగిన నిష్పత్తి. స్టాలు ముందు నిలబడిన అనుభవజ్ఞుడు ఈ గుణకారాన్ని మనసులోనే చేస్తాడు. గోడపై అంటించిన కాగితంలోని అంకె ఆ గుణకారానికి నిలవకపోతే, చిరునవ్వు నవ్వి, ఉచితంగా ఇచ్చిన పెన్ను తీసుకొని వెళ్ళిపోతాడు.

మూడవ అంకె, అనగా కాలం, మరింత విలువైనది. ప్రయోగశాలలో నూరు గంటలు నడిచిన పంపు వేరు, ఖనిజ లవణాలు పేరుకొనే వేడినీటిలో రెండేళ్ళు నడిచిన పంపు వేరు. రెండేళ్ళు నడిచి పాడైన పంపును కోసి, లోపల తెల్లగా గట్టిపడిన సున్నపు పొరతో సహా బల్లపై పెట్టిన స్టాలు దగ్గర ఇంజనీర్లు గుమిగూడుతారు. కొత్త పంపును మెరుగుపెట్టి పెట్టిన స్టాలు దగ్గర అంత సందడి ఉండదు. వైఫల్యాన్ని చూపడానికి మన వ్యాపారులు జంకుతారు. కాని ఈ రంగంలో ప్రతివారూ బావులలో నష్టపోయినవారే. ఎక్కడ, ఎందుకు చెడిపోయిందో చెప్పగలిగినవానినే వారు నమ్ముతారు. రాతి కోర్ నమూనా, తుప్పుపట్టిన కేసింగ్ ముక్క, లోతు పెరిగిన కొలదీ ఉష్ణోగ్రత ఎలా పెరిగిందో చూపే నిలువెత్తు గీత, ఇవే బల్లపై ఉండదగిన వస్తువులు.

డబ్బు అంకెలను దాచడం కూడా పరిపాటి. అదే ఫెర్వో సంస్థ ఉటా రాష్ట్రంలో తన సమాంతర బావుల ఖర్చు ఒక్కొక్కటి 94 లక్షల డాలర్ల నుండి 48 లక్షలకు తగ్గిందని 2024లో బహిరంగంగా ప్రకటించింది. ఆ ప్రకటన తెచ్చిన గుర్తింపును ఏ అలంకరణా తేలేదు.

ఆఫెన్‌బర్గ్ పాఠం

ఈ రంగపు ప్రదర్శనలలో ఐరోపాలో పేరు పొందినది జర్మనీలోని ఆఫెన్‌బర్గ్ పట్టణంలో జరిగే జియోథెర్మ్. 2007లో ఆరంభమైన ఈ ప్రదర్శన సాధారణంగా చలికాలం చివర రెండు దినాలు సాగుతుంది. ఒక ప్రక్క స్టాళ్ళు, మరొక ప్రక్క నిస్సార భూతాపం, లోతు భూతాపం అనే రెండు శాఖల ఉపన్యాసాలు. అమెరికాలో జియోథర్మల్ రైజింగ్ సంస్థ, 2020 వరకు దాని పేరు జియోథర్మల్ రిసోర్సెస్ కౌన్సిల్, నిర్వహించే వార్షిక సమావేశం కూడా ఇటువంటిదే. పత్ర సమర్పణతో పాటు ప్రదర్శన ఉంటుంది.

ఆఫెన్‌బర్గ్ ఉన్న రైన్ నదీలోయ ఈ శాస్త్రానికి ఒక పరీక్షాస్థలం. అక్కడి నుండి రెండు గంటల ప్రయాణంలోపు ఈ రంగపు జయాపజయాలు రెండూ కనిపిస్తాయి. ఫ్రాన్సు వైపున సూల్ట్స్ వద్ద 1987లో మొదలైన పరిశోధన, ఐదు కిలోమీటర్ల లోతు బావుల నుండి 2008లో విద్యుత్తును అందించింది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో 2006 డిసెంబరులో బావిలోకి నీటిని అధిక పీడనంతో పంపగా 3.4 తీవ్రత గల భూకంపం వచ్చి, ఆ పథకాన్నే 2009లో వదిలివేశారు. స్ట్రాస్‌బర్గ్ శివారు వెండెన్‌హైమ్ వద్ద 2020లోనూ ఇటువంటి కంపనాల వల్లనే పని నిలిచిపోయింది. స్టౌఫెన్ అనే చిన్న పట్టణపు కథ మరీ విచారకరం. 2007లో నగర కార్యాలయాన్ని వెచ్చబరచేందుకు 140 మీటర్ల లోతుకు ఏడు బోర్లు వేశారు. నేలలోని అన్‌హైడ్రైట్ పొరలోకి నీరు చేరింది. నీరు తగిలిన అన్‌హైడ్రైట్ జిప్సంగా మారి ఉబ్బుతుంది. నేల నెలకు ఒక సెంటీమీటరు వంతున పైకి లేవగా, 250కి పైగా భవనాలు బీటలు వారాయి. నూరు మీటర్ల హీట్ పంపు బోరు కాబట్టి ప్రమాదం ఉండదన్న భ్రమ అక్కడితో తొలగింది.

ఆ లోయలో నివసించే సందర్శకుడు స్టాలు ముందుకు వచ్చి మొదట అడిగే ప్రశ్న ధర గురించి ఉండకపోవచ్చు. మీ పద్ధతి వల్ల నా ఊరు కంపిస్తుందా, నా ఇల్లు బీటలు వారుతుందా అని అడుగుతాడు. దీనికి ‘మాది పూర్తిగా సురక్షితం’ అన్న జవాబు అంగీకారయోగ్యం కాదు. ఏ తీవ్రత వద్ద పంపులు తగ్గిస్తారు, ఏ తీవ్రత వద్ద ఆపివేస్తారు, ఎన్ని భూకంప గ్రాహకాలు అమర్చుతారు, బోరు చుట్టూ సిమెంటు ఎలా నింపుతారు, నష్టపరిహారం ఎవరు భరిస్తారు అన్న వివరాలు ఒక పుటలో సిద్ధంగా ఉండాలి. టెక్సాస్ నుండి వెళ్ళేవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. టెక్సాస్‌లో భూగర్భపు వేడిమి నేల యజమానికి చెందుతుందని 2023లో చట్టం స్పష్టం చేసింది. జర్మనీ గనుల చట్టం ప్రకారం అది నేల యజమాని సొత్తు కాదు, ప్రభుత్వ అనుమతితో పొందవలసిన హక్కు. ఈ తేడా తెలియనివాడు ఒప్పందాల గురించి మాట్లాడబోయి తెల్లబోతాడు.

చిన్నవిగా తోచే పెద్ద విషయాలు

కొలమానాల సంగతి చూడదగినది. అమెరికాలో ఏసీ యంత్రాన్ని ‘టన్ను’లలో కొలుస్తారు. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్లు. జర్మనీలో టన్ను అంటే బరువే. నిమిషానికి వేయి గ్యాలన్లు అన్నదీ, సెకనుకు 63 లీటర్లు అన్నదీ ఒకే ప్రవాహం. 376 డిగ్రీల ఫారెన్‌హీట్, 191 డిగ్రీల సెల్సియస్ ఒకే వేడి. కరపత్రంలో రెండు కొలమానాలూ ముద్రించడానికి అదనపు ఖర్చు ఏమీ ఉండదు. ముద్రించకపోతే కలిగే నష్టం మాత్రం పైకి కనిపించదు.

పేటెంటు విషయంలో జరిగే పొరపాటు అంతకంటె ఖరీదైనది. అమెరికా చట్టం ప్రకారం ఆవిష్కర్త తన వస్తువును బహిరంగపరచిన తరువాత ఒక సంవత్సరం లోపల దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐరోపా పేటెంటు చట్టంలో సాధారణంగా అటువంటి గడువు లేదు. దరఖాస్తుకు ముందే స్టాలులో పరికరాన్ని విప్పి చూపినా, ఉపన్యాసంలో వివరించినా దాని నూతనత్వం పోయినట్లే. కావున దరఖాస్తు ముందు, ప్రదర్శన తరువాత. పరికరాలను తాత్కాలికంగా విదేశానికి తీసుకువెళ్ళి తిరిగి తెచ్చేటప్పుడు సుంకం పడకుండా ఏటీఏ కార్నే అనే పత్రం లభిస్తుంది. దాన్ని బయలుదేరే ముందే సంపాదించుకోవాలి.

తెలుగు కుటుంబాలలో తరచు తలెత్తే చిక్కు వీసాది. హెచ్–1బి వీసాపై ఉన్నవారు తమను తీసుకొన్న సంస్థకు మాత్రమే పనిచేయవచ్చు. బావమరిది ప్రారంభించిన సంస్థ స్టాలులో రెండు రోజులు నిలబడి సరుకు అమ్మిపెట్టడం సహాయంగా తోచవచ్చు గాని, చట్టం దృష్టిలో అది పనే కావచ్చు. ముందుగా న్యాయవాదిని సంప్రదించడం క్షేమం.

స్టాలులో ఎవరు నిలబడాలి? మాటకారి కంటె, బావి దగ్గర బురదలో నిలబడి వచ్చినవాడు మేలు. ఇద్దరుంటే ఒకరు సాంకేతిక విషయాలు, మరొకరు ధరలు చూసుకోవచ్చు. బల్ల వెనుక కుర్చీలో కూర్చుని సెల్‌ఫోను చూసుకొనేవారి దగ్గరకు ఎవరూ రారు. వచ్చినవారికి మన గొప్ప చెప్పడానికి ముందు వారి బావి ఎక్కడ, ఎంత లోతు, ఏమి ఇబ్బంది అని అడగాలి. మనవారిలో కొందరికి మరొక అలవాటు ఉన్నది. ‘మాదేముందండీ, చిన్న సంస్థ’ అని వినయంగా మొదలుపెడతారు. పెళ్ళిపందిట్లో శోభించే ఈ మాటను విదేశీ సందర్శకుడు అక్షరాలా నమ్మి ముందుకు సాగిపోతాడు. సందర్శకుడు వెళ్ళిన వెంటనే అతని విజిటింగ్ కార్డు వెనుక అడిగిన ప్రశ్నను, ఇచ్చిన మాటను వ్రాసిపెట్టుకోవాలి. సాయంత్రానికి నలభై కార్డులు పోగైతే, ఏ ముఖం ఏ బావిదో గుర్తుండదు.

సొంత స్టాలు పెట్టే శక్తి లేనివారు మొదటి ఏడాది సందర్శకులుగా వెళ్ళడమో, పెద్ద సంస్థ స్టాలులో ఒక మూల తీసుకోవడమో మంచిది. ఇంకా ఉత్తమమైన మార్గం ఉపన్యాస పత్రం సమర్పించడం. నెలల ముందుగానే వ్రాసి పంపాలి గాని, పరిశీలనకు నిలిచిన పత్రం గల సంస్థను సందర్శకులే వెదుక్కొంటూ వస్తారు. తిరిగి వచ్చిన వారంలోపల ప్రతి ప్రశ్నకూ జవాబు పంపాలి. ఆ తరువాత ఓర్పు పట్టవలసిందే. లోతు బావి పథకం అనుమతుల నుండి ఉత్పత్తి దాకా ఏళ్ళు పడుతుంది. మార్చిలో కార్డు ఇచ్చినవాడు మూడేళ్ళ తరువాత కొనుగోలు ఉత్తరం పంపడం ఈ రంగంలో వింత కాదు.

గోదావరి ఒడ్డున

ఇటువంటి ప్రదర్శనకు తీసుకుపోదగిన వేడిమి తెలుగునేలలోనూ ఉన్నది. భద్రాచలం సమీపంలోని గుండాల వద్ద గోదావరి ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరుతుంది. యాత్రికులు దానిని పుణ్యతీర్థంగా భావిస్తారు. మణుగూరు ప్రాంతంలో బొగ్గు అన్వేషణకై వేసిన బోరు నుండి వేడినీరు దానంతట అదే పైకి వచ్చింది. అక్కడి పగిడేరు గ్రామం వద్ద సింగరేణి సంస్థ 2020ల తొలినాళ్ళలో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని చేపట్టింది. నీటికంటె తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రవంతో టర్బైను త్రిప్పడం ఆ పద్ధతి. భారత ప్రభుత్వం 2025 సెప్టెంబరులో భూతాపశక్తికి ఒక జాతీయ విధానాన్ని ప్రకటించింది. లడఖ్‌లోని పూగా లోయ పేరు ఈ సందర్భంలో ఎక్కువగా వినిపిస్తుంది గాని, గోదావరి లోయను విస్మరించడం తగదు.

మణుగూరు నీటిని ప్రదర్శనలో పెట్టదలచినవారు ఏ అంకెతో నిలబడాలి? ఉదాహరణకు నీరు 70 డిగ్రీల వద్ద లభిస్తుందనీ, చుట్టూ గాలి 30 డిగ్రీలనీ అనుకొందాము. ఉష్ణగతిశాస్త్రం విధించే పరిమితి ప్రకారం ఆ వేడిలో 12 శాతానికి మించి విద్యుత్తుగా మారదు. ఆచరణలో అందులో సగమైనా దక్కితే అదృష్టం. ఐదు శాతంగా లెక్కిస్తే 20 కిలోవాట్ల విద్యుత్తుకు 400 కిలోవాట్ల వేడి కావాలి. నీటిని 15 డిగ్రీలు చల్లబరచితే సెకనుకు ఆరు లీటర్ల పైచిలుకు ప్రవాహం అవసరమవుతుంది. 20 కిలోవాట్లు అన్న అంకె ఆఫెన్‌బర్గ్ స్టాలులో ఎవరినీ ఆపదు. కాని దాని వెనుక ఉన్న 400 కిలోవాట్ల వేడి, విద్యుత్తుగా మార్చకుండా నేరుగా వాడుకొంటే, చిన్నది కాదు. ఖమ్మం మార్కెట్టుకు వచ్చే మిరప పంటను రైతులు కళ్ళాలలో ఎండబెడతారు. అకాల వర్షానికి తడిసిన కాయ రంగు మారి, ధర పడిపోతుంది. మిరపను ఆరబెట్టేందుకు కావలసిన గాలి 50, 60 డిగ్రీల వేడి కలిగి ఉంటే సరిపోతుంది. నీటి ఉష్ణోగ్రతను, ప్రవాహాన్ని, ఎన్ని నెలలు కొలిచారన్న సంగతిని వ్రాసి, ప్రక్కన రెండు పిడికిళ్ళ ఎండుమిరపకాయలు పోసి ఉంచిన స్టాలు ముందు, టర్బైన్ల వారికంటె ఆహారపదార్థాలను ఆరబెట్టే యంత్రాల తయారీదారులే మొదట ఆగుతారు.